కన్యలకు నిజమైన యలంకారము



పెండ్లిచూపులనాఁడు కన్య సౌందర్యమును మేనిచాయతోను, మెడలోని సొమ్ములతోను మనము నేఁటికిని దూఁచుచున్నాము. మన కుమ్మరకులమునఁ బుట్టినదని ప్రసిద్ధిగన్న ఆతుకూరి మొల్లకు శతాబ్దములుగాఁ గీర్తి నిలిపినవి యివి రెండును గావు. కేసన కూఁతురగు నామె తన రామాయణపు టవతారికలో, శాస్త్రములఁ దా నెఱుఁగననియు, శ్రీకంఠమల్లేశ్వరుని వరముచేతఁ గవిత్వము చెప్పనేర్చితిననియు నిస్సంకోచముగా నుడివి, 6 కాండముల కావ్యమును ముగించినది. ఎఱుఁగనిదానిని దాఁచలేదు, ఎఱుఁగనని వెనుదీయలేదు. ఆ వినయమును ధైర్యమును గూడినదే యంతస్సౌందర్యము. భక్తి యామె నోరు మూయింపలేదు. చేతికి గంటము నిచ్చినది.

కావున దాతలారా! వివాహములకై కూడఁబెట్టు ధనమునఁ గొంత బాలికల చదువునకు వినియోగింపుఁడు. కన్యలారా! దైవమునకు మ్రొక్కి లేచిన పిదపఁ దలవంచుకొని పోక, మీకుఁ దెలిసినది సభలో నిలిచి పలుకుఁడు. వచ్చు మహాసభలో నీ వేదికపై మీ కంఠములను వినఁగోరుచున్నాము.