గోదావరి గట్టున సూక్ష్మశిలా మొనలు

పాపికొండల ఇరుకు దాటి పట్టిసీమ వద్ద గోదావరి వెడల్పుగా పరచుకునే ఈ దిగువ లోయలో, మధ్యశిలాయుగపు వేటగాళ్లు అగేటు, చాల్సిడొనీ, చెకుముకి వంటి గట్టిరాళ్లను చెక్కి, చాలా చిన్న మొనలను, అర్ధచంద్రాకార పరికరాలను చేసుకునేవారు. పురావస్తు శాస్త్రంలో వీటిని సూక్ష్మశిలా పరికరాలంటారు. దిగువ గోదావరిలో దొరికిన ఇటువంటి పరికరాల గురించి ఎల్.ఎ. కామియాడ్ 1924లోనే రాశారు. 1930లో ఆయన, మైల్స్ బర్కిట్ కలిసి ఆగ్నేయ భారత శిలాయుగాలను నాలుగు వర్గాలుగా విభజించినప్పుడు సూక్ష్మశిలలను చివరి వర్గంలో చేర్చారు.

ఒడ్డున కనిపించే మొనదేలిన ప్రతి రాయీ పనిముట్టు కాదు. మనిషి సుత్తిరాయితో కొట్టి తీసిన పెచ్చుకు, దెబ్బ తగిలిన చోట చిన్న చదునుతలం, దాని కింద ఉబ్బు, ఆ ఉబ్బు చుట్టూ నీటి అలల్లా విస్తరించే వంపుగీతలు ఉంటాయి. అయితే ప్రవాహంలో రాళ్లు ఢీకొన్నప్పుడు కూడా ఒక్కొక్కసారి ఉబ్బు ఏర్పడవచ్చు కనుక, అంచు వెంట క్రమంగా సాగిన సన్నని చెక్కుడు గుర్తులను, అంటే మలిచెక్కుడును, పరిశీలించి తీరాలి. అసలైన సాక్ష్యం అదే. అంచులు అరిగి నునుపెక్కిన పరికరం నీటితో దొర్లివచ్చినదనీ, పదునుగా మిగిలినది దాదాపు అక్కడిదేననీ భావించవచ్చు.

రాయి కన్నా అది పడి ఉన్న మట్టిపొరే ఎక్కువ చెబుతుంది. కాబట్టి అటువంటి మొన కనిపిస్తే దానిని కదపక, ఫొటో తీసి, చోటును గుర్తించి, రాష్ట్ర పురావస్తు శాఖకు గాని, రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాలకు గాని తెలియజేయాలి.