ఊరగాయ సీసాయు హలాల్ పత్రమును



మైపాడు దాపున నున్న నా పూర్వశిష్యురా లొకతె రొయ్యల యూరగాయ పెట్టి యమ్మి బిడ్డలను చదివించుకొనుచున్నది. మలేషియాకు సరకు పంపు వర్తకు డొకడు నూఱు సీసాలు బేరమాడి, హలాల్ పత్రము లేదని తెలియగానే మరలిపోయెను. "రొయ్యలో దోషమేమున్నది, అయ్యవారూ?" అని యామె నాయొద్దకు వచ్చినది.

హలాల్ అనగా అరబ్బీలో శాస్త్రసమ్మతమైనది, నిషిద్ధము హరామ్. పశుపక్షులను దైవనామ ముచ్చరించి విధిప్రకారము కోయవలయును. చేపకు కోతనియమము లేదు. రొయ్యను గూర్చి హనఫీ పండితులలో భేదాభిప్రాయములు కలవు. మన స్మృతికర్తలలో మాత్రము తక్కువా! మలేషియాలో వ్యాప్తిలోనున్న షాఫీ సంప్రదాయమునకు రొయ్య సమ్మతమే.

చిక్కంతయు తక్కిన సంభారములలో నున్నది. వెనిగరు దేనినుండి పుట్టినది? కొన్న మసాలాలో సారాయి సంబంధ మున్నదా? జెలాటిన్ ఏ జంతువుది? ఆ మూకుడులోనే వేఱు మాంసము వేగినదా? మడికట్టుకొన్న మన పెద్దమ్మలు నీళ్లెవరు తెచ్చిరని యడిగినట్లే పరీక్షకులును అడుగుదురు.

కావున మొదట ఆమెచేత నొక నోటుపుస్తకము పెట్టించితిని. సంభారమునకొక పుట, ఎవరియొద్ద, ఎన్నడు కొన్నదో వ్రాసి, బిల్లంటించుట. కడకు వెనిగరు పుట యొక్కటే ఖాళీగా మిగిలినది. విడిగా పోసి యమ్మిన అంగడివాడు దాని పుట్టుక చెప్పలేకపోయెను. ఆమె దానిని మాని నిమ్మరసము పట్టినది. రుచియు బాగుపడినదని నా యభిప్రాయము.

2006 సంవత్సరపు ఆహారభద్రతా చట్టము క్రింద నమోదు ముందుగా నుండవలయును. హలాల్ పత్రము వేఱు. మనయూరి బజారులో నమ్ముకొనువారికి చట్టము దానిని విధింపదు. విదేశమునకు పంపువారు మాత్రము తొందరపడి రుసుము కట్టరాదు. పత్రమిచ్చు సంస్థలు పెక్కులు. అందఱి పత్రములు అన్ని దేశములలో చెల్లవు. మలేషియాలోని జాకిమ్ అను ప్రభుత్వశాఖ తాను గుర్తించిన పరదేశ సంస్థల పట్టిక ప్రకటించుచున్నది. దానిని చూచిన పిదపనే దరఖాస్తు.

ఇండోనేషియాలో 2014 నాటి చట్టము పత్రమును నిర్బంధము చేసినది. అయినను అచ్చటి చిన్న వ్యాపారులకు రుసుము లేకుండ, శిక్షణపొందిన సహాయకుడే వచ్చి సంభారములు పరిశీలించి దరఖాస్తు పెట్టించు మార్గమును గూడ కల్పించిరి. 1992లో దూబగుంట స్త్రీలు సారాయి నెదిర్చిన జిల్లా మనది. పొదుపులక్ష్మి సంఘములు వెలసిన జిల్లా. సంఘమున కొక చదువరి యీ పని నేర్చుకొన్నచో నావంటి వృద్ధుల యవసర ముండదు.

పరీక్షకుడు సోమవారము వచ్చునట. ఆమె భయపడుచున్నది. నోటుపుస్తకము ఒడిలో పెట్టుకొని నేనును వంటయింటి గడపలో కూర్చుండెదనని మాట యిచ్చితిని.