కోర్టు తీర్పుకు పార్లమెంటు కళ్ళెం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. 1979 మార్చి 31 నాటికి సర్వీసులో ఉన్నవారికే పెరిగిన పెన్షన్ అన్న గీతను చెరిపివేసింది. పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అన్నది. అందుకే మనలో చాలామందికి సుప్రీంకోర్టు అంటే గుడి వంటిది. నాకూ అంతే. అయినా ఈ రోజు ఆ కోర్టుకు కళ్ళెం వేసేవారి గురించి మాట్లాడదలచాను.

అసలు కళ్ళెమే ఉండరాదని నేననను. 1967లో మన తెలుగువారు కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, గోలక్‌నాథ్ కేసులో 6–5 తేడాతో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నారు. పార్లమెంటు 1971లో 24వ సవరణతో ఆ అధికారాన్ని తిరిగి తీసుకున్నది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో కోర్టు, సవరించండి గాని మౌలిక స్వరూపం జోలికి పోవద్దన్నది. ఇదంతా బాహాటంగా జరిగిన వాదులాట.

ఆ తీర్పు రాగానే ప్రభుత్వం వేరే కళ్ళెం తీసింది. షెలాత్, హెగ్డే, గ్రోవర్‌గార్లు ముగ్గురినీ దాటించి, వారికంటే జూనియరైన ఎ.ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ముగ్గురూ రాజీనామా చేశారు. సీనియారిటీ లిస్టు చూసుకుంటూ సర్వీసంతా గడిపిన మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

తొలగింపు సంగతి సరేసరి. 1993లో జస్టిస్ వి. రామస్వామిగారిపై తీర్మానానికి లోక్‌సభలో 196 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. 205 మంది ఎటూ ఓటు వేయలేదు. తీర్మానం వీగిపోయింది!

ఇక మన సంగతి. 2025 ఫైనాన్స్ చట్టంలో ఒక భాగం చేర్చారు. రిటైరైన తేదీని బట్టి కేంద్ర పెన్షనర్ల మధ్య తేడా చూపే అధికారం ప్రభుత్వానికి ఉన్నదట. అది 1972 జూన్ 1 నుంచీ ఉన్నట్లే లెక్కట. తీర్పుకు ఆధారమైన నిబంధననే వెనుకటి తేదీతో మార్చే ఈ పద్ధతిని వాలిడేషన్ అంటారు. ఇప్పుడున్న పెన్షన్లు మారవని ఆర్థికమంత్రిగారు సభలో చెప్పారు. సంతోషమే. కాని హామీ సభలో మాట, అధికారం చట్టంలో అక్షరం. 34 ఏళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి, రేపు ఏది పనికొస్తుందో నాకు తెలుసు.

పార్లమెంటు చట్టం చేసిందని నా ఫిర్యాదు కాదు. పన్నుల బిల్లులో కలిపి చేసిందని. అది ద్రవ్య బిల్లు గనుక రాజ్యసభ సిఫారసు చేయగలదే గాని ఆపలేదు. నకారాగారి తీర్పును తాకే మాటకు విడిగా ఒక బిల్లు, ఒక పూట చర్చ కూడా దక్కకూడదా?

ఆ చట్టం చెల్లుతుందో లేదో చూసే అధికారం కోర్టుకు ఎలాగూ ఉన్నది. ఈలోగా మన ఎం.పి.గారిని మనం అడగవచ్చు, ఓటు వేసే ముందు ఆ భాగం చదివారా అని. ఆ వినతిపత్రం బయట బల్లమీద ఉంచాము. భోజనానికి వెళ్ళేముందు సంతకం చేయండి. పి.పి.ఓ. నంబరు వేయడం మరువకండి.