పరీక్షకు సంకోచమేల?



మంచినీరు, వీధిదీపములు, బడి మున్నగు వానిని గురించి మీరు తరచుగా చర్చించుచుందురు. నేడు మేము సభలో పైకి చెప్పుటకు అందరును సంకోచించు విషయమును చెప్పదలచితిమి. ఆ సంకోచమే స్త్రీలకు ముప్పు తెచ్చుచున్నది గనుక చెప్పక తప్పదు.

తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, పుండ్లు మున్నగు బాధలతో ప్రభుత్వ ఆసుపత్రిలోని సురక్ష క్లినిక్కుకు పోయిన స్త్రీకి, మందుతోపాటు హెచ్.ఐ.వి. పరీక్ష కూడ చేయించుకొమ్మని చెప్పుదురు. "నా నడతను శంకించుచున్నారా?" అని ఆమె నొచ్చుకొని వెడలిపోవచ్చును. కాని పరీక్ష నడతపై తీర్పు కాదు. అచ్చటికి వచ్చిన వారందరికిని చెప్పు మాటయే అది. సుఖవ్యాధి యున్నచో హెచ్.ఐ.వి. సోకుట మరింత సులభము. సోకిన పిదప ఏండ్ల తరబడి ఏ లక్షణమును కానరాకపోవచ్చును. భర్తను తప్ప అన్యుని ఎరుగని ఇల్లాలికి సయితము భర్తనుండి సోకవచ్చును.

1986లో మద్రాసున ఈ వ్యాధి మన దేశములో తొలిసారి బయటపడిన నాటికి దీనికి మందు లేదు. 2004 నుండి ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. ఇవి వ్యాధిని సమూలముగా తొలగింపవు గాని అదుపులో నుంచును. ప్రతిదినము వాడినవారు చిరకాలము పనిపాటలు చేసికొని బ్రతుకగలరు. చికిత్స లేనిచో గర్భిణినుండి బిడ్డకు సోకు అవకాశము నూటికి 15 నుండి 45 వరకు ఉండును. సకాలమున మందు వాడినచో అది 5కు లోపుననే ఉండును. పరీక్ష చేయించుకొననిచో ఈ మేలు తల్లికిని లేదు, బిడ్డకును లేదు. ఇటీవలనే సోకినచో మొదటి పరీక్షలో తేలకపోవచ్చును గనుక, సలహాదారు చెప్పిన గడువున మరల చేయించుకొనవలెను.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము, ఆమె అంగీకారము లేనిదే పరీక్ష చేయరాదు. ఫలితమును రహస్యముగా నుంచవలెను. వ్యాధిగ్రస్తులపట్ల వివక్ష చూపరాదు. కావున బలవంతము పనికిరాదు. నచ్చచెప్పుటయే మార్గము.

ఇక పంచాయతీ చేయదగిన పని యేమి? ఏ స్త్రీ క్లినిక్కుకు పోయినదో, ఫలితమేమి వచ్చినదో సభ్యులెవ్వరును విచారింపరాదు. రచ్చబండకడ ఆ ప్రస్తావన వచ్చినచో అచ్చటనే ఆపవలెను. కలసి భుజించుటవలన, తాకుటవలన, ఒకే బావి నీరు త్రాగుటవలన ఈ వ్యాధి సోకదని చాటవలెను. మహిళా సభ్యులు ఆశా కార్యకర్తతో కలసి ఇల్లాండ్రకు ఈ విషయములు తెలుపవలెను. పురుష సభ్యులు భర్తలను కూడ పరీక్షకు ప్రోత్సహింపవలెను. భారము భార్యపైననే మోపుట న్యాయము కాదు. సందేహములున్నవారు 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఊరు తన్ను వేలెత్తి చూపదని నమ్మకము కలిగినపుడే స్త్రీ ధైర్యముగా పరీక్షకు పోగలదు. ఆ నమ్మకమును కలిగింపవలసినవారు మీరేయని మనవి చేయుచున్నాము.