పాత బడి, పంతులుగారి యిల్లు

(సంఘ వార్షికమహాసభయందు జేసిన ప్రసంగము)



విద్యావిషయమున నాలుగుమాటలు చెప్పుమని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము నాజ్ఞాపించినారు. విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు మాకంటె సమర్థులు ప్రసంగించియున్నారు. మేము బడిగోడలను గూర్చి మాత్రము విన్నవించుకొందుము.

గురుకులమను మాటలోని కులశబ్దమునకు వంశమనియే గాక యిల్లనియు నర్థము గలదు. బడి వేఱు, గురువుగారి యిల్లు వేఱు గాదు. మన వీధిబడి యీ యర్థమునకు చిరకాలము సాక్షిగా నిలిచినది. పంతులుగారి యరుగే తరగతిగది, ఇసుకయే పలక. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ దొర వ్రాసిన నివేదికలో ఆ జిల్లాయందు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు కలదు. ఉదయమున ముందుగా వచ్చిన బాలుని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవాడు మొదలు ఒక్కొక్క దెబ్బ పెరుగుచు బోవుననియు ఆతడు వర్ణించినాడు.

ఇసుకలో వ్రాయు దేశీయబాలురను జూచియే, మద్రాసు ఎగ్మూరులో అనాథబాలుర శాలను నడపిన ఆండ్రూ బెల్ దొర, ఆ రీతిని తన శాలయందు ప్రవేశపెట్టి, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు జెప్పించు పద్ధతిని నెలకొల్పి, 1797లో లండనునందు గ్రంథము ప్రకటించినాడు. ఆతని ధనముతో స్కాట్లండులోని ఆతని జన్మస్థలమున వెలసిన విద్యాలయమునకు నేటికిని మద్రాస్ కాలేజి యనియే పేరు. పరదేశమున మన యరుగు పేరు మేడయై నిలిచినది. ఇచ్చట అరుగే లేదు!

మేము నివసించు జవహర్‌నగరు చుట్టునున్న ఉప్పల్, నాచారములు ఒకప్పుడు పల్లెలు. కర్మాగారములు వచ్చినవి, కాలనీలు వెలసినవి, 2017లో మెట్రోరైలు ఉప్పల్ మీదుగా నడచినది. ఇవి యన్నియు మేలే. కాని భూమిని గజములలో కొలుచు చోట, పెంకుటింటి బడి కంటికి బడిగా గానరాదు, స్థలముగా గానవచ్చును.

రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారి గృహమును, విజయనగరమున గురజాడవారి గృహమును స్మారకములై నిలిచినవి. ఇరువురును బోధకులే. పేరుగన్న పంతుళ్ల యిండ్లు నిలుచుట సంతోషమే. పేరు తెలియని పంతులుగారి రెండుగదుల యింటికి దిక్కెవరు? తెలంగాణమున 2017లో వారసత్వరక్షణచట్టము వచ్చినది. అయినను అడుగువారు లేనిచో చట్టము తానై పల్లెకు నడచి రాదు గదా!

ఇక మా తప్పు నొకటి సభయెదుట నొప్పుకొందుము. మేము ప్రధానోపాధ్యాయులముగా నుండిన యొక పల్లెలో డంగుసున్నపు గోడలతో పాతబడియు, దాని వెనుక పంతులుగారి నివాసమును ఉండెను. క్రొత్తగదులు మంజూరైనవి. పాతవి శిథిలమైనవని వ్రాసిన కాగితముపై సంతకము మాదే. గోడలతోపాటు చెదలు తిన్న ప్రవేశపుస్తకములును పోయినవి. మఱుసటి యేట ఒక వృద్ధుడు పింఛను నిమిత్తము వయస్సు కాగితము నడుగవచ్చినాడు. లేదని చెప్పితిమి. "సారూ, నా పేరు రాసున్నది ఆ ఒక్క పుస్తకంలనే" అని చెప్పి వెళ్లిపోయినాడు. క్రొత్తగదులు కట్టించితిమన్న సంతోషము ఆ మాటతో సగమైనది.

ఆ పుస్తకములలో నేమున్నవి? బాలుని పేరు, తండ్రి పేరు, వృత్తి, పుట్టినతేది. ఆ తేదియు పెక్కుమారులు పంతులుగారు ఊహించి వేసినదే. అయినను మన వంశములలో మొదట అక్షరము దిద్దినవా రెవరో తెలుపునది అదియే. ఎవరి పేరు లేదో అదియు ఆ పుస్తకమే చెప్పును. అరుగెక్కనీయక క్రింద నిలువబెట్టిన బిడ్డలును, బడిముఖము చూడని యాడుబిడ్డలును మన చరిత్రలోనివారే. పాతబడిని నిలుపుట పాతకాలమును పొగడుటకు గాదు. ఆ మెట్టు ఎంత యెత్తున నుండెనో మన మనుమలకు చూపుటకు.

కావున మూడు మనవులు. మన పెద్దలు దానమిచ్చిన స్థలములలో పాతబడి గాని, పంతులుగారి యిల్లు గాని మిగిలియున్నచో, పడగొట్టుటకు ముందు ఛాయాచిత్రములు తీయించి, గదుల కొలతలు వ్రాయించుడు. ప్రవేశపుస్తకములకు నకళ్లు తీయించి రెండుచోట్ల భద్రపఱచుడు. నిలుపదగిన కట్టడమైనచో వానకాలమునకు ముందే పెంకులు సవరించి, చెదలు పట్టిన వాసములు మార్పించుడు. సున్నపు గోడకు సిమెంటు పూయింపకుడు. సున్నము తేమను వెలికి విడుచును. సిమెంటు లోపలనే బంధించి గోడను చెఱచును. బాగుపడిన యింట సాయంకాలము పిల్లలు చదువుకొన్నచో, పంతులుగారి యిల్లు మరల గురుకులమగును.

ఈ పని కగు వ్యయము మన వార్షికభోజనముల వ్యయముకంటె మిక్కుటము గాదని మా నమ్మకము. మా చేత గానిది మీ చేత నగునుగాక యని కోరుచు విరమించుచున్నాము.

శుభం భూయాత్.