పిల్లికి క్యాన్సర్ అని తెలిసినప్పుడు

పెంచుకున్న పిల్లికి క్యాన్సర్ అని డాక్టరు చెప్పగానే కాళ్లూ చేతులూ ఆడవు. అప్పటికప్పుడే ఏదీ తేల్చుకోనక్కర్లేదు. ముందు ఏ రకం క్యాన్సరో అడగండి.

పిల్లుల్లో తరచుగా కనిపించేది లింఫోమా. పేగుల్లో మెల్లగా పెరిగే చిన్నకణాల రకమైతే ప్రెడ్నిసొలోన్, క్లోరాంబ్యూసిల్ మాత్రలతో చాలా పిల్లులు రెండేళ్లు, కొన్ని అంతకు మించి కూడా హాయిగా బతుకుతాయి. వేగంగా పెరిగే పెద్దకణాల రకమైతే చాలాసార్లు నెలల్లోనే లెక్క. ఏ రకమో తేల్చడానికే బయాప్సీ. కీమో అంటే భయపడతాం కానీ, మనుషులకిచ్చే దానికన్నా పిల్లులకు మోతాదు తక్కువ. బొచ్చంతా ఊడదు, మీసాలు రాలొచ్చు. క్లోరాంబ్యూసిల్ మాత్రను మాత్రం విరగ్గొట్టకండి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. రోజూ ఎక్కే కిటికీ గట్టు ఎక్కకపోయినా, ఒళ్లు నాక్కోవడం మానేసినా, మంచం కింద నక్కినా అనుమానించండి. పాపమని పారాసిటమాల్ వేయకండి, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. తిండి మానేస్తే రోజుల తరబడి ఆగొద్దు, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. చేపముక్క గోరువెచ్చగా చేసి పెట్టండి, ఆ వాసనకు మూతి పెడుతుంది.

పిల్లి క్యాన్సర్ ఇంట్లో పిల్లలకు అంటదు. ఖర్చుకు తూగలేక నొప్పి తగ్గించే మందులతోనే సరిపెట్టుకున్నా అది ప్రేమ తక్కువై కాదు. రోజూ క్యాలెండర్‌లో మంచి రోజో, చెడ్డ రోజో గుర్తు పెట్టండి. చెడ్డవి ఎక్కువైతే, ఆ క్యాలెండర్ చూపించి, బాధ లేకుండా సాగనంపడం గురించి డాక్టరుతో మాట్లాడండి.