ఇంటి ప్లానుకు సాఫ్ట్‌వేరు ఎన్నుకొనుట
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పంట అమ్మిన సొమ్ము నాలుగేండ్లు కూడబెట్టిన తరువాత మనలో చాలామంది తలపెట్టు పని ఇల్లు. విత్తనములను పదిచోట్ల విచారించి కొనెడి రైతు, ఇంటి విషయములో మాత్రము మేస్త్రి నేలమీద కర్రతో గీసిన గీతలతో తృప్తిపడుచున్నాడు. ఇప్పుడు ఇంటి ప్లానును మనమే కంప్యూటరులో గీసి చూచుకొనుటకు సాఫ్ట్‌వేర్లు కలవు. వానిలో మనకు తగినదానిని ఎట్లు ఎన్నుకొనవలెనో ఈ పూట మనవి చేయుదును.

నేను సేద్యశాస్త్రము బోధించువాడను గాని ఇంజనీరును కాను. అయినను ఈ విషయము నేర్చుకొనుటకు కారణమొకటి కలదు. 2018లో మా తండ్రిగారు ఊరిలో ఇల్లు కట్టించినప్పుడు కాగితముమీద ప్లాను గీసినది నేనే. గదులన్నియు చక్కగా అమరినవి. మెట్లకు మాత్రము మూలన 8 అడుగుల గడి ఒకటి గీసి విడిచితిని. కట్టుబడి జరుగునప్పుడు మెట్లు ముందుకు వచ్చి ధాన్యపు గది వాకిలికి అడ్డుపడినవి. లింటెలు పగులగొట్టి వాకిలిని జరుపవలసి వచ్చినది. ఈనాటికిని మా నాన్నగారు బస్తా భుజాన వేసికొని ఆ ఇరుకులో ప్రక్కకు తిరిగి నడచుచున్నారు.

లెక్క చూడుడు. పై అంతస్తు 10 అడుగుల ఎత్తున ఉండి, మెట్టు ఎత్తు 6 అంగుళములైనచో 20 ఎత్తులు ఎక్కవలెను. చివరి అడుగు పై అంతస్తుమీదనే పడును గనుక మెట్ల పలకలు 19. ఒక్కొక్కటి 10 అంగుళముల వెడల్పైనచో, తిన్నగా పోవు మెట్లకు 190 అంగుళములు, అనగా 15 అడుగుల 10 అంగుళముల పొడవు కావలెను. కావున మనకు కావలసినది రంగుల బొమ్మ చూపునది కాదు. గోడను, మంచమును, మెట్లను ఒకే కొలతకు కట్టుబడి చూపునది.

దొరకు సాధనములు స్థూలముగా మూడు రకములు. మొదటిది ఇంజనీర్లు వాడునది. 1982లో వచ్చిన ఆటోకాడ్ ఇట్టిది. దానికి ఏటేటా రుసుము కట్టవలెను; నేర్చుటకు నెలలు పట్టును. ఒక్క ఇంటి కొరకు అది వలదు. రెండవది ఇంటర్నెట్టులో నడచునది. స్కెచప్ ఉచిత రూపము సొంత వాడుకకు దొరకును. ఏ ఆకారమునైనను గీయవచ్చును. కాని సిగ్నలు లేనిచోట పని సాగదు. మూడవది కంప్యూటరులో ఎక్కించుకొని వాడునది. స్వీట్ హోమ్ త్రీడీ ఇట్టిది, ఉచితము. పైభాగమున గోడలు గీయుచుండగా క్రిందిభాగమున ఇల్లు లేచినట్లు కనబడును. కొలతలు అడుగులలోనే పెట్టుకొనవచ్చును. ఉత్తరదిక్కు నిర్ణయించినచో ఏ వేళ ఏ గదిలో ఎండపడునో కూడ చిత్రములో చూడవచ్చును. క్రొత్తవారు దీనితో మొదలుపెట్టుట మేలని నా అభిప్రాయము.

ఏది తీసికొన్నను ముందుగా ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనుడు:

1. అడుగులు, అంగుళములలో కొలత ఇచ్చుటకు వీలున్నదా?
2. ఇంటర్నెట్టు లేకున్నను పని జరుగునా?
3. గీసినదానిని కొలతలతోసహా ముద్రించుకొనవచ్చునా? కొన్ని సాధనములు గీయునంతవరకు ఉచితమని చెప్పి, దాచుకొనునప్పుడు డబ్బు అడుగును.
4. మీ వద్దనున్న కంప్యూటరులో అది ఆగకుండ నడచునా?

క్రొత్త వంగడమును పొలమంతట చల్లము గదా. ఒక మడిలో వేసి చూతుము. ఇదియు అంతే. ఇప్పుడు మీరున్న ఇంటిలో ఒక గదిని టేపుతో కొలచి గీయుడు. తలుపు, మంచము, బీరువా అసలు కొలతలతో ఉంచుడు. తరువాత మంచమునకు, ఎదుటి గోడకు నడుమ ఎంత సందు మిగిలినదో తెరమీద చూచి, అదే సందును గదిలో టేపుతో కొలువుడు. రెండును కలిసినచో సాధనము మీకు లొంగినట్లే. రెండు మూడు సాయంత్రములు కూర్చున్నను కలియనిచో దానిని విడిచి మరియొకటి చూడుడు.

పిమ్మట స్థలము కొలువుడు. 30 అడుగులు, 40 అడుగుల స్థలము నిజముగా మూలమట్టమైనచో రెండు కర్ణములును 50 అడుగులే ఉండవలెను. పల్లెస్థలములు వంకరగా ఉండుట సామాన్యము. తెరమీద మాత్రము అన్నియు మూలమట్టముగానే గీయుట సులువు. అక్కడనే మోసపోవుదుము. ఇక సాధనములోని సామాను పట్టణపు ఇండ్లది. గాదె, పురుగుమందుల పంపు, బస్తాల దొంతి అందుండవు. ఏదో ఒక పెట్టె తీసికొని ఆ కొలతలు ఇచ్చి ఉంచుడు. ఇంటిలోనివారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వంటయింటినుండి నీళ్ళకు ఎన్ని అడుగులు వేయవలెనో తల్లులకు తెలిసినట్లు మనకు తెలియదు.

చివరగా ఒక హెచ్చరిక. ఈ సాధనము మెట్లను 8 అడుగులకు కుదించినను కాదనదు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలువారునని దానికి తెలియదు. పునాది లోతు, ఇనుము, దూలములు ఇంజనీరు నిర్ణయించవలసినవి. అనుమతికి ఎట్టి ప్లాను కావలెనో ముందే పంచాయతీలో విచారింపుడు. మీరు గీసినది ఇంజనీరుకును మేస్త్రికిని మీ అవసరములు తెలుపుటకే.

తెరమీద గోడను జరుపుటకు ఖర్చు లేదు. కట్టిన గోడను జరుపుటకు ఎంతగునో మా తండ్రిగారు ఎరుగుదురు. ముగ్గు పోయుటకు ముందే ఆ నాలుగు సాయంత్రములు వెచ్చింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.